రబ్బరు బూట్ల మెర్విన్

మెర్విన్ స్టబ్స్ పోయినప్పుడు మా రోడ్డు మీదివాళ్ళంతా చర్చిలో నిలబడి మంచిమాటలే చెప్పారు. పోయినవాడి గురించి అలాగే చెప్పాలట. కంచె పక్క కంచెగా దాదాపు నలభై ఏళ్ళు వాడితో వేగినదాన్ని నేను. ఆ పొగడ్తలు వింటూ కూర్చోవడం ఎంత కష్టమైందో నాకు తెలుసు. కాబట్టి మిగతావి నేను చెబుతాను.

మా రోడ్డుకి కరెంటు కంచె తెచ్చింది మెర్వినే, అది అబద్ధం కాదు. కానీ కనిపెట్టింది తానేనని చెప్పుకునేవాడు. మా వైకాటో జిల్లాలో ఏ రోడ్డుకి వెళ్ళినా ఇలాంటివాడు ఒకడు తగులుతాడు. పాత కారులోంచి కాయిల్ ఊడబీకి, బ్యాటరీకి తగిలించి, దాన్ని తీగకి కలిపి, ఆవు ముక్కు ఆనించగానే వెనక్కి గెంతితే చూసి, లోకంలో ఇది ఇంకెవడికీ తట్టలేదనుకున్న మొనగాడు. హామిల్టన్‌లో కొందరు అదే పనిని బుర్రపెట్టి చేసి, పెట్టెల్లో బిగించి అమ్మి పైకొచ్చారు. మావాడు ఆ పెట్టెల్లో ఒకటి కొనుక్కొచ్చి, దానిమీది పేరుని సానరాయితో గీకేశాడు.

“బారులో కూచుని పైకి చెప్పడం నాదే తప్పు. ఎవడో విని ఎత్తుకుపోయాడు,” అనేవాడు.

“నువ్వు బారులో చెప్పనిది ఏముంది గనక?” అని మా ఆయన ఎర్నీ అడిగాడు ఒకసారి. “నువ్వు చెప్పిన మిగతావన్నీ అక్కడే పడున్నాయి. అవెవరూ ఎత్తుకుపోలేదేం?”

ఆ కంచె గొప్పది కాదని నేననను. అంతకుముందు మాకు కంచె అంటే ముళ్ళపొద, లేదంటే ఏడు వరసల తీగా, దానికి అడుగడుగునా గుంజలూ. మా నేల వట్టి నల్లచెత్త, పాత చిత్తడిలో కుళ్ళిన ఆకూ వేరూ తప్ప మన్నన్నది లేదు. ఇవాళ పాతిన గుంజ ఏడాది తిరిగేసరికి తాగినవాడిలా ఒరిగేది. అలాంటిది ఒక్క సన్నటి తీగ, నాలుగు పుల్లల మీద నిలబెడితే చాలు, మందంతా ఆగిపోయింది. పొద్దున్నే తీగని ముందుకి జరిపి, ఆవులకి ఆ పూటకి ఒక పట్టీ గడ్డి వదిలేవాళ్ళం. తొక్కి పాడుచెయ్యడం పోయింది, అదే పొలంలో మరిన్ని ఆవులు బతికాయి. కంచె గొప్పదే. దాన్ని పట్టుకుని ఊరేగినవాడే పనికిమాలినవాడు.

తీగ కర్రకి తగలకుండా మధ్యలో పింగాణీ గుబ్బలు పెట్టాలని అందరికీ తెలుసు. మెర్విన్ మాత్రం బీరు సీసాల మెడలు కోసి పెట్టేవాడు. ఆ సీసాలు ఖాళీ చెయ్యడమొక్కటే వాడు ఒళ్ళు వంచి చేసిన పని. ఒక ఏడు బ్యాటరీ ఎందుకు దండగ అని ఇంటి కరెంటునే నేరుగా తీగకి కలిపాడు. చట్టం ఒప్పుకోదని ఎర్నీ చెబితే వినలేదు. మర్నాడు వాడి మేలుజాతి మగపంది తీగ కింద నాలుగు కాళ్ళూ చాచి పడుంది.

“దాని గుండె ముందునుంచీ బలహీనం,” అన్నాడు మెర్విన్, చచ్చిన పందిని కాలితో కదుపుతూ.

ఆ మాట గుర్తుపెట్టుకోండి. వాడి బతుకంతా ఆ మాటలోనే ఉంది. వాడి తీగ ఏం చేసినా తప్పు మాత్రం ఆ దెబ్బ తిన్నదానిదే.

అన్నిటికన్నా నా కడుపు మండించింది రేడియో. మా ఇంట్లో రేడియో పెడితే మొదట వినపడేది మెర్విన్ కంచె. టక్, టక్, టక్. వాడి తీగ ఎక్కడో గడ్డికి తగులుతూ ఉండేది, ఆ పెట్టె కొట్టిన ప్రతి దెబ్బా నా రేడియోలోకి వచ్చేది. స్ప్రింగ్‌బాక్స్ అనే పరదేశపు రగ్బీ జట్టు హామిల్టన్ వచ్చి మావాళ్ళ చేతిలో ఓడిన రోజున, ఊళ్ళన్నీ చెవులప్పగించి విన్న ఆటని నేను ఆ టక్కుల సందుల్లోంచి విన్నాను. గోల్ కొట్టింది ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు. అలా ఏళ్ళ తరబడి వినగా వినగా ఆ తాళం నా ఒంటికి పట్టేసింది. గిన్నెలు తోమినా అదే తాళం, పిండి కలిపినా అదే తాళం.

వాడి వేడుక ఇంకొకటుండేది. ఇంటికి కొత్తవాళ్ళెవరొచ్చినా కంచె దగ్గరికి తీసుకెళ్ళి, అందరినీ వరసగా చేతులు పట్టుకుని నిలబడమనేవాడు. ఒక చివర తానుండి తీగ పట్టుకునేవాడు. మా పిల్లలందరూ ఆడే ఆటే అది, కొత్తేం కాదు. కాకపోతే పిల్లలు వంతులు వేసుకుంటారు. మెర్విన్ ఎప్పుడూ మోకాలిదాకా రబ్బరు బూట్లు వేసుకుని తీగ దగ్గరే ఉంటాడు. రెండో చివర మాత్రం వట్టికాళ్ళతో తడిగడ్డిలో నిలబడ్డవాళ్ళు ఉండాలి. బూట్లున్నవాళ్ళకి చీమ కుట్టినట్టుంటుంది, ఆ చివరివాళ్ళకి గుర్రం తన్నినట్టుంటుంది.

పెళ్ళి చేసుకుని ఐరిస్‌ని తీసుకొచ్చిన రోజున కూడా వాడు ఆ ఆటే ఆడించాడు. ఆ పిల్ల కొత్త చెప్పులు పాడవుతాయని విప్పి పక్కన పెట్టింది. చివరి చోటు ఆమెకే ఇచ్చారు. దెబ్బకి వెల్లకిలా పడింది. మెర్విన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఐరిస్ లేచి పావడా దులుపుకుని, “ఇంకెవరైనా ఆడతారా?” అని అడిగింది, అంతే. ఆ పూటే నాకు ఆమె నచ్చింది.

ఐరిస్ వట్టిచేతులతో రాలేదు. ఆమెతోపాటు తారనాకి నుంచి జెర్సీ ఆవులొచ్చాయి. తండ్రి కొట్టంలో పదేళ్ళకి పైగా పాలు పితికి, ఆ కూలి కింద తీసుకున్న ఆవులవి, వాటి పెయ్యలూను. పొలం మెర్విన్‌ది, ఇల్లు మెర్విన్‌ది, కారు మెర్విన్‌ది. ఆవులు మాత్రం ఆమెవి. వాటిలో పెద్దది డచెస్. కొట్టంలోకి ముందు అదే నడవాలి, ఎడమవైపు మొదటి గడిలో అదే నిలబడాలి, లేకపోతే మిగతావి గుమ్మంలోంచి కదలవు. సాయంత్రం ఐరిస్ గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కదాన్నీ పేరుతో పిలిచేది. మా రోడ్డు మీద అందరం అంతే, మందలో పేరు లేని ఆవు ఉండదు. మెర్విన్ మాత్రం వాటిని “ఆ గోధుమరంగువి” అనేవాడు. వాడికి తెల్లా నలుపూ మచ్చల ఫ్రీజియన్లు కావాలి. అవి పెద్దగా కనిపిస్తాయట.

స్ప్రింగ్‌బాక్స్ వచ్చి వెళ్ళిన మరుసటి వేసవి చుక్క వాన లేదు. మా వేసవికి నడిమి నెల జనవరి, అది దాటేసరికి మా నల్లనేల పొడిపొడిగా ఎండి, కాలేస్తే బూడిదలా లేచింది. ఎండిన నేలలో కరెంటు తిరిగి పెట్టెకి రావడానికి దారి ఉండదు. అందరి తీగలూ చచ్చుపడ్డాయి. ఆవులు తీగని ముట్టి చూసి, ఏమీ లేదని తెలిసి, కంచెలు దాటిపోయాయి. మేమందరం పెట్టె నుంచి నేలలోకి దిగేసిన ఎర్తు కడ్డీ మొదట్లో పొద్దునా సాయంత్రం బక్కెట్టెడు నీళ్ళు పోసుకున్నాం. మెర్విన్ పొయ్యలేదు. బక్కెట్టు మొయ్యాలి కదా. ఒకరోజు చూస్తే వాడి కంచె ఒక్కటే మునుపటికన్నా గట్టిగా కొడుతోంది.

“ఎలా చేశావురా?” అని ఎర్నీ అడిగాడు.

“మీరంతా నేలమీద గీకుతున్నారు. నాది లోతు ఎర్తు,” అన్నాడు మెర్విన్. అంతకన్నా చెప్పలేదు. ఈసారి ఎవడూ ఎత్తుకుపోకూడదట.

ఆ వారంలోనే ఐరిస్ ఆవులు పాలు చేపడం మానేశాయి. కొట్టం దాకా వచ్చి గుమ్మంలో మొండికేసేవి. లోపలికి తోస్తే వణికేవి, పేడ వేసేవి, మిషను కప్పులు పొదుగుకి తగిలించబోతే తన్నేవి. డచెస్ అయితే తన గడిలోకి వెళ్ళనని తల అడ్డంగా తిప్పి గుమ్మంలోనే నిలబడిపోయింది. పాలు సగానికి పడిపోయాయి. పొదుగులు గట్టిపడి, కొన్నిటికి వాపులొచ్చాయి.

మెర్విన్‌కి కారణం వెంటనే దొరికింది.

“నీ చేతులు మొద్దుబారిపోయాయి,” అన్నాడు భార్యతో, మా ముందే. “రాళ్ళతో తోమినట్టు తోముతున్నావు. ఆవుది మాత్రం ప్రాణం కాదా?”

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ పాలు పితికిన మనిషిని పట్టుకుని అన్న మాట అది. మెర్విన్ ఆ కొట్టంలో కప్పు తగిలించి ఎన్నాళ్ళయిందో దేవుడికే తెలియాలి. అప్పుడైనా ఐరిస్ వాడి మొహం మీద బక్కెట్టు బోర్లించాల్సింది. ఆమె అలా చెయ్యలేదు. వాడి మాట నమ్మింది. నాకు ఒళ్ళు మండింది అందుకే. రోజూ పడుకునే ముందు చేతులకి వెన్న రాసుకుని గుడ్డలు చుట్టుకునేది. పొద్దున్నే నా దగ్గరికొచ్చి అరచేతులు చూపించేది.

“నీ చెంప మీద పెట్టి చూడు. గరుగ్గా ఉన్నాయా? నిజం చెప్పు.”

“నా చేతులకన్నా మెత్తగా ఉన్నాయి,” అన్నాను.

“మరి డచెస్ నన్ను చూసి ఎందుకు వణుకుతోంది?” అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఫిబ్రవరి చివర్లో మెర్విన్ లారీ పిలిపించాడు. పాడైపోయిన ఆవుల్ని మేపడం దండగ, విడతలు విడతలుగా కబేళాకి తోలేసి ఫ్రీజియన్లు కొంటానన్నాడు. మొదటి విడతలో నాలుగు వెళ్ళాయి. డచెస్ అందులో ఉంది. ముసలిది, అందరికన్నా ఎక్కువ తన్నింది కదా. లారీ పలక ఎక్కేటప్పుడు అది ఏ గొడవా చెయ్యలేదు. కొట్టం కాకుండా ఎక్కడికైనా సరే అన్నట్టు గబగబా ఎక్కేసింది. ఐరిస్ రోడ్డు మలుపు దాకా లారీ వెనక నడిచి వచ్చింది.

రెండో విడత లారీ వారం తర్వాత, పొద్దుటి పాలు అయ్యాక వస్తుందన్నారు. ఆ పొద్దున ఐరిస్ మా తలుపు తట్టింది.

“ఈ ఒక్క పూటా నువ్వు వచ్చి పితుకు,” అంది. “నీ చేతికి చేపితే తప్పు నాదేనని ఒప్పుకుంటాను. నీకూ చేపకపోతే ఆవులే పాడయ్యాయనుకుని లారీ ఎక్కించేస్తాను.”

వెళ్ళాను. కొట్టంలో సిమెంటు నేల కడిగి తడితడిగా ఉంది. విలో అనే చిన్న ఆవు నా ముందు నిలబడింది. చెయ్యి వేశానో లేదో ఎగిరి తన్నింది. పొదుగు కడిగే నీళ్ళ బక్కెట్టు తిరగబడి ఆ నీళ్ళన్నీ నా బూటులోకి పోయాయి. తిట్టుకుంటూ బూటు విప్పి, మేజోడు కాలు తడినేల మీద ఆనించి, పడిపోకుండా పక్కనున్న నీళ్ళ పైపు పట్టుకున్నాను.

మోచేతి దాకా జివ్వుమంది. చెయ్యి లాక్కున్నాను. భ్రమేమోనని మళ్ళీ పట్టుకున్నాను. మళ్ళీ కొట్టింది, ఆగింది, మళ్ళీ కొట్టింది. ఆ తాళం నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఏళ్ళుగా నా రేడియోలో కొడుతున్న తాళమే అది. విలో వంక చూశాను. దాని వెనక కాలు అదే తాళానికి లేస్తోంది, దిగుతోంది.

“ఐరిస్, బూట్లు విప్పి ఇలా రా,” అన్నాను.

ఆమె వట్టికాళ్ళతో వచ్చి పైపు పట్టుకుంది. నేను చటుక్కున వదిలేశాను గాని ఆమె వదల్లేదు. పెదవి కరుచుకుని అలాగే నిలబడి, దెబ్బ తర్వాత దెబ్బ కాచుకుంది.

“ఇన్నాళ్ళూ ఇదా వీటికి తగులుతోంది?” అంది చివరికి. “మనం బూట్లలో ఉన్నాం. అవి వట్టికాళ్ళతో ఉన్నాయి.”

పైపు వెంబడి కొట్టం వెనక్కి వెళ్ళి చూశాం. బోరు దగ్గర పైపుకి కంచె పెట్టె నుంచి వచ్చిన తీగ చుట్టి ఉంది. మెర్విన్ గారి లోతు ఎర్తు అదన్నమాట. ఆ పైపే కొట్టంలోకి వస్తుంది, ఆ పైపుకే గడుల కడ్డీలన్నీ బిగించి ఉన్నాయి. బక్కెట్టెడు నీళ్ళు మొయ్యడానికి బద్ధకించి, కంచె దెబ్బని తెచ్చి ఆవుల ఒంట్లో పెట్టాడు.

అంతలో లారీ వచ్చింది. దాన్ని నడిపే వెటిని మంచి మాటకారి. వెనకే మెర్విన్ కర్ర ఊపుకుంటూ వచ్చాడు. ఐరిస్ విషయం చెప్పింది, గొంతు పెంచకుండానే.

“పైపులో నీళ్ళుంటాయి, కరెంటుండదు,” అన్నాడు మెర్విన్. “ఇద్దరు ఆడవాళ్ళు కలిస్తే ఇలాంటివే పుడతాయి. వెటినీ, పలక దించు.”

“పలక దించడానికేముంది, దించుతా,” అన్నాడు వెటిని. “కానీ నువ్వొకసారి పట్టుకుని చూపించు. బూట్లు విప్పి. కనిపెట్టినవాడివి కదా, నీకు భయమేంటి?”

మెర్విన్ మొహం చూడాలి. కాదంటే ఊరంతా తెలుస్తుంది, వెటిని లారీ రోజుకి పది ఊళ్ళు తిరుగుతుంది. గోడకి ఆనుకుని బూట్లు లాగేసుకున్నాడు. వాడి పాదాలు నేను అప్పుడే మొదటిసారి చూశాను, పిండిముద్దల్లా తెల్లగా ఉన్నాయి. తడినేల మీద నిలబడి పైపు పట్టుకున్నాడు.

“ఏమీ లేదు,” అన్నాడు. మోచెయ్యి ఎగిరింది.

“నిజంగానే?” అన్నాడు వెటిని.

“చెప్తున్నాగా. ఏమీ,” మళ్ళీ ఎగిరింది, “లేదు.”

అబద్ధానికైనా ఒక సిగ్గుండాలి. వాడు కన్ను ఆర్పకుండా మమ్మల్నే చూస్తూ నిలబడ్డాడు, భుజం మాత్రం టక్కు టక్కుమని ఎగురుతోంది. వదిలితే ఓడిపోయినట్టు. ఐరిస్ కొట్టం వెనక్కి వెళ్ళింది. కాసేపటికి వాడి భుజం ఎగరడం ఆగిపోయింది. మెర్విన్ ఊపిరి పీల్చుకుని నవ్వాడు.

“చూశారా? ఏమీ లేదన్నానా?”

“ఇప్పుడు లేదు,” అంది ఐరిస్. పైపు నుంచి ఊడబీకిన తీగ ఆమె చేతిలో ఉంది.

వెటిని పలక ఎత్తి బిగించుకున్నాడు. వెళ్ళేముందు, “ఆ మొదటి నాలుగూ నేనే తోలుకెళ్ళాను,” అన్నాడు ఐరిస్‌తో, కళ్ళెత్తి చూడకుండా. మెర్విన్ బూట్లు తొడుక్కుని ఇంట్లోకి పోయాడు.

ఆ పూటకే ఆవులు చేపాయనుకునేరు. భయం ఒంట్లోంచి పోవడానికి వాటికి నెల పట్టింది. విలో అన్నిటికన్నా ముందు చేపింది. డచెస్ లేకపోయేసరికి ఎవరు ముందు నడవాలో వాటికి తెలియలేదు. చాలాకాలం ఐరిస్ తానే ముందు నడిచి ఆ ఎడమ గడిలో నిలబడితే గాని మిగతావి లోపలికి రాలేదు. ఆ తర్వాత ఆమె కొట్టంలో ఎప్పుడూ బూట్లు వెయ్యలేదు. మంచు పడిన చలికాలపు జూన్ పొద్దుల్లో కూడా ఎర్రబారిన కాళ్ళతోనే పితికేది.

మరి మెర్విన్? ఏడాది తిరగకుండానే కథ వాడిదైపోయింది. కొట్టం పైపుకి ఎర్తు కలిపితే ఆవులు చేపవని తానే కనిపెట్టాడట. వట్టికాళ్ళతో నిలబడి, ప్రాణానికి తెగించి, స్వయంగా పరీక్షించాడట. బారులో చెప్పాడు, వెన్న ఫ్యాక్టరీ దగ్గర చెప్పాడు. వినేవాళ్ళు తల ఊపారు. ఐరిస్ విని ఊరుకుంది. నేనైతే ఊరుకునేదాన్ని కాదు.

కొన్నేళ్ళకి చట్టం మారింది. ఇంటి కరెంటుతోనే నడిచి, ప్రాణం తియ్యకుండా మైళ్ళ కొద్దీ తీగని కొట్టించే కొత్త పెట్టెలొచ్చాయి. గడ్డి తగిలినా చచ్చుపడేవి కావు. ఒక సాయంత్రం వాటిని చూపించడానికి ఒకతను మా ఊరి హాలుకి వచ్చాడు. ఆడవాళ్ళం కేకులూ రొట్టెలూ పట్టుకెళ్ళాం. ఐరిస్ టీ పోస్తోంది. ఆ వచ్చినతను రెండు మాటలు చెప్పాడో లేదో మెర్విన్ లేచాడు. కంచెని కనిపెట్టిన దగ్గర్నుంచీ మొదలుపెట్టి, పైపు కథ మొత్తం చెప్పాడు. చెప్పి ఆ పెట్టెకి కట్టిన తీగ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు, బూట్లతోనే.

“రండి, చేతులు పట్టుకోండి. పాత ఆట ఆడదాం,” అన్నాడు. “ఐరిస్, రా. చివరి చోటు నీదే కదా.”

కొందరు నవ్వుతూ లేచారు. ఐరిస్ టీ కెటిల్ బల్ల మీద పెట్టింది.

“వస్తాను,” అంది. “నీ కథలో ఒకటి మిగిలిపోయింది, అది చెప్పు. మొదటి లారీలో వెళ్ళిన నాలుగింటి పేర్లేంటి?”

“ఏ నాలుగు?”

“నాలుగు ఆవులు, మెర్విన్.”

వాడు ఇటూ అటూ చూశాడు. “డచెస్,” అన్నాడు. ఆగాడు. “ఆ గోధుమరంగువి. ఆవులే కదా, ఇప్పుడు అవెందుకు?”

హాల్లో ఉన్నవాళ్ళంతా ఆవులున్నవాళ్ళే. నవ్వుతూ లేచినవాళ్ళు నవ్వడం మానేశారు. ఐరిస్ చేతులు తుడుచుకుని, ఎవరినీ ఉద్దేశించకుండా, సాయంత్రం గేటు దగ్గర నిలబడి పిలిచే గొంతుతోనే పిలిచింది.

“డచెస్. పాన్సీ. బాబిన్. మెల్లకన్ను ట్రిక్సీ.”

ఎర్నీ కూర్చున్నాడు. అతని పక్కవాడు కూర్చున్నాడు. ఒకరి తర్వాత ఒకరు లేచినవాళ్ళంతా కూర్చున్నారు. మెర్విన్ ఒక చేత్తో తీగ పట్టుకోబోతూ, రెండో చెయ్యి మా వైపు చాపి నిలబడ్డాడు. ఆ చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. ఐరిస్ మళ్ళీ కెటిల్ ఎత్తి, నా కప్పులో టీ పోసింది.